ఆరో వాటా

ఫిషింగ్ హార్బర్ మూడో జెట్టీ మీద
చెమ్మెక్కిన పుస్తకంలో లెక్క రాసేది నేనే.
డీజిలు పోను, ఐసు పోను, ఓనరు సగం పోను
మిగిలింది ఐదుగురికి.
సరంగు ఎర్రయ్య ఆరు కట్టలు కట్టాడు.
ఆరోది గాలికి ఎగరకుండా
కాటా రాయి బరువు పెట్టాడు.

మసేనమ్మ ముట్టుకోలేదు.
మొగుణ్ణి మొన్నటి వాయుగుండం మింగింది.
"ఇది దర్మమా, హక్కా?" అంది.

"గంగమ్మ ఇచ్చింది, తీసుకోయే" అన్నాడు వల బాగుచేసే ముసలాయన.

"ఆణ్ణి అట్టుకుపోయిందీ ఆవిడే గదేటి.
ఇచ్చిన చెయ్యీ లాక్కున్న చెయ్యీ ఒకటే అయితే
రేపు ఎవుల్ని అడగాల?"

డాల్ఫిన్ నోస్ మీది దీపం తిరిగి తిరిగి
ఒకసారి మమ్మల్ని చూసింది,
ఒకసారి ఖాళీ నీళ్ళని.

కుర్ర కలాసీ గొణిగాడు:
"మనందరం ఒప్పుకున్నాం గదప్పా, అందుకే."

"ఒప్పుకోడం మానేస్తే?"

వాడు నావైపు చూశాడు.
నేనేం చెప్పను? నా దగ్గర పెన్నొక్కటే ఉంది.

దానాల గడిలో కాదు,
కలాసీల వరసలో, ఎర్రయ్య కిందే రాశాను:
మసేనమ్మ, ఒక వాటా.

చెమ్మకి సిరా అలుక్కుపోయింది.
మళ్ళీ రాశాను.
వచ్చే వేటకీ రాయాలి.