తూము లెక్క

నూకరత్నం,
నీకు ఓటెయ్యలేదు నేను.
పదకొండు రోజులు ఈ మాటని
నోట్లో వక్కముక్కలా తిప్పుకున్నాను.

నువ్వు నామినేషన్ వేసినప్పుడు
డిపాజిట్టు డబ్బుల్లో నా రెండొందలున్నాయి.
మా గోడమీద కుట్టుమిషను గీసింది నా మనవరాలే,
సూది పెట్టడం మరిచిపోయింది.
రొయ్యల చెరువుల ఉప్పు బోర్లలోకి దిగిందని
సీసాల్లో నీళ్లు పట్టుకుని
కలెక్టరాఫీసు మెట్లమీద నువ్వు కూర్చున్న పందొమ్మిది రోజులూ
మా ఇంట్లో టీ
ఎంత పంచదార పోసినా ఉప్పగానే ఉండేది.
ఎవరికెయ్యాలో తెలియక కాదు.

కానీ నేను లస్కరుని.
ముప్పైరెండేళ్లు ఈ లాకు దగ్గర
తలుపులెత్తి దించి బతికినవాణ్ణి.
ఎద్దడి ఏడు
కాలవలో నీళ్లు మోకాలు దాటనప్పుడు
మూడు తూములూ కొంచెం కొంచెం తెరిస్తే
మూడు బోదెల్లోనూ బురదే పారుతుంది,
ఏ మడిలోనూ నీరు నిలవదు.
అందుకని వంతు పెడతాం. ఒకటి మూస్తాం.
ఒక్కోసారి మూసేది
మన చేలకెళ్లే తూమే అవుతుంది.
అలా మూసిన ఏడు మా బావమరిది
నాతో మాటలు మానేశాడు.

ఆ లెక్కే బూత్‌లోకి పట్టుకెళ్లాను.
గొడుగు గుర్తు, చెరువుల ఆసామిది.
గెలిస్తే కాలవగట్టుమీదే మోటార్లు పెడతాడు.
తాళంచెవి ఆయన
మనకేం చేసినవాడు కాదు,
చెడగొట్టేంత తీరికా లేనివాడు,
పెళ్లిళ్లకొచ్చి అక్షింతలేసి పోతాడు.
ఆ వెనక చిల్లర గుర్తులు ఏడు.
అందులో మూడింటి కరపత్రాలు
గొడుగువాళ్ల ప్రెస్సులోనే అచ్చయ్యాయని
రాజోలు బస్సులో కంపోజు కుర్రాడు చెప్పాడు.

ముందురోజు రాత్రి టీకొట్టు దగ్గర
సిగరెట్టుపెట్టె అట్టమీద కూడికలేశాం.
నీకు మూడువేలు. కష్టపడితే నాలుగు.
ఆ నాలుగూ తాళంచెవికి పోతే గొడుగు మునుగుతుంది.
పైకెవరూ అనలేదు.
బులిరాజు ఆ అట్ట చింపి
పొయ్యిలో పడేశాడు.

బూత్ మన బళ్లోనే,
నేను రెండో ఎక్కం నేర్చుకున్న గదిలో.
నీ పేరు ఆరోది.
ఫొటోలో కళ్లజోడుమీద వెలుగు పడి
నీ కళ్లు కనబడలేదు, నా అదృష్టం.
వేలు ఆరో వరస దగ్గర ఆగింది,
లాకు చక్రం తిప్పుతుంటే
ఒక పన్ను దగ్గర పట్టేస్తుంది చూడు,
అలా.
తర్వాత రెండో వరసకి జారింది.
చీటీ అద్దంలో కనబడినంతసేపూ
దాన్ని చూడకుండా
గోడమీది గుణింతం చదువుకున్నాను.

గొడుగు ఓడింది,
రెండొందల పదహారు ఓట్లతో.
వీధిలో లడ్డూలు పంచారు. నేనూ తిన్నాను.
మన బూత్‌లో నీకొచ్చినవి తొమ్మిది.
మీ ఇంట్లోనే పదకొండు ఓట్లు కదమ్మా!

అక్కడ ఆగిపోయాను.
నీతో మెట్లమీద కూర్చున్నవాళ్లు అరవైమంది,
అందరూ నాలాంటి లస్కర్లేనా?
నీళ్లెలాగూ రావని
ఎవరికి వాళ్లం మన తూమే మూసుకుని
రాలేదు చూశావా అనుకున్నామా?
అట్టమీద రాసిన నాలుగువేలు
లెక్కా, భయమా?
రెండొందల పదహారు చూస్తే లెక్కే అనిపిస్తుంది.
తొమ్మిది చూస్తే
ఏమీ అనిపించదు, నిద్ర పట్టదు.

ఇవాళ పొద్దున్నే వచ్చావు,
సైకిలుకి సీసాల సంచీ తగిలించుకుని.
నేను నోరు తెరిచేలోపే
"రెండో వరసే కదా బాబాయ్" అన్నావు,
"నేనూ అంతే."

ఇద్దరం కాసేపు
గుర్రపుడెక్క కొట్టుకుపోతుంటే చూశాం.
సీసా ముంచి, బిరడా బిగించి,
తేదీ రాసి అంటించావు.
"ఈసారి తాళంచెవి గారి మెట్లమీద" అన్నావు.

నువ్వు వంతెన దాటాక
మూడో తూము దగ్గరకెళ్లాను.
ఇవాళ వంతు దానిది కాదు.
అయినా
నాలుగు చుట్లు తిప్పాను.