ఈ ఊరి నీళ్లు

"ఇక్కడితో సరి" అన్నాడు డ్రైవరు.
రోడ్డు కూడా అదే మాట అన్నట్టు
కంకరై, మట్టై, గడ్డై ఆగిపోయింది.
దిగినవి: నేను, నా సంచీ,
రెండు సిమెంటు బస్తాలు, ఎవరిదో ఒక కుట్టుమిషను.
మిషను కోసం నలుగురొచ్చారు.

బిష్కెక్‌లో మా కాలేజీ కాగితం మీద
"పశువైద్యశాల, వేసవి శిక్షణ, ఎనిమిది వారాలు" అని
ఒక్క లైనులో ఇమిడిన ఊరు
విప్పితే ఇంత:
రెండు వీధులు, ఒక చేతిపంపు,
మెడ వెనక్కి వంచితే గాని పూర్తిగా కనపడని కొండలు.

బురుల్చా అవ్వ గది చూపించింది.
"తలుపు తొయ్యకు, కాస్త ఎత్తు" అంది.
మొదటి వారమంతా తోస్తూనే ఉన్నాను.
నా కిర్గిజ్ నగరపు కిర్గిజ్, ప్రతి మూడో మాటా రష్యన్.
అవ్వ ఓపిగ్గా, బియ్యంలో రాళ్లేరినట్టు,
నా మాటల్లోంచి వాటిని ఏరి పక్కన పెట్టేది.

నీళ్లు పడలేదు.
మూడు రోజులు కడుపు పట్టుకుని
గోడమీది క్యాలెండరు గుర్రంతో మాట్లాడాను.
డాక్టర్ నుర్గాజీ వచ్చి, కనురెప్ప లాగి చూసి,
"దూడవైతే ఈపాటికి లేచి నిలబడేదానివి" అన్నాడు.
అది ఆయన పరామర్శ.

ఆసుపత్రి అంటే ఒక గది, ఒక ఫ్రిజ్,
పొదుగు దగ్గర చిరిగిన ఆవు బొమ్మ.
కరెంటు పోతే టీకాల సీసాలు పాలక్యానులో పెట్టి
వెనక వాగులోకి దించాలి.
తాడు పట్టుకుని, వచ్చేదాకా కూర్చోవాలి.
దీనికా నాలుగేళ్లు చదివింది, అనుకునేదాన్ని.

సిగ్నల్ ఊరంతటికీ ఒక్కచోటే,
బడిగోడ వెనక, పాత ట్రాక్టరు టైరు మీద నిలబడితే.
వరసలో ఉన్నవాళ్లకి అందరి మాటలూ ఉచితం.
"రాత్రుళ్లు కాళ్లు కొంకర్లు పోతున్నాయక్కా" అన్నాను.
తెల్లారి కొట్లో జుమాదిల్ చక్కెర తూచి
పక్కన ఉన్ని మేజోళ్లు పెట్టాడు.
డబ్బులడగలేదు. నీకెలా తెలుసని నేనూ అడగలేదు.
ఆ సాయంత్రం మాత్రం
నుర్గాజీ మీద చెప్పాలనుకున్న చాడీలన్నీ మింగేశాను.

నాలుగో వారం తప్పు చేశాను.
పుస్తకంలో ఒక వరస జారింది, అంతే.
కచ్‌కిన్ తాత గొర్రెలు పంతొమ్మిదింటికి
వేరే నంబర్ల చెవిబిళ్లలు గుచ్చాను.
కాగితం ప్రకారం అవిప్పుడు పక్కింటి ఇసాబెక్ సొత్తు.
ఇసాబెక్ నవ్వాడు. తాత నవ్వలేదు.
మంద అప్పటికే పైమేతకు పోయింది.
"గుచ్చినదానివి నువ్వే, దిద్దేదీ నువ్వే" అని
డాక్టర్ ఒక గుర్రాన్నిచ్చాడు.
దానికి నేను నచ్చలేదు.

ఒకటిన్నర రోజు ఎక్కాను.
డేరా బయట తాత, మాటాపలుకూ లేకుండా,
ఒక్కో గొర్రెనూ మోకాళ్ల మధ్య బిగించి పట్టాడు.
ఒక్కో నంబరూ పైకి చదివాను, అచ్చం కిర్గిజ్‌లో,
మధ్యలో ఒక్క రాయి లేకుండా.
పంతొమ్మిదోది పారిపోయింది.
ఇద్దరం తరిమాం. ఇద్దరం పడ్డాం.
లేస్తున్నప్పుడు ఆయనకొచ్చింది దగ్గో నవ్వో తెలియలేదు.
గిన్నెనిండా పులిసిన గుర్రప్పాలు పోశాడు.
తాగాను. మళ్లీ పోశాడు.
కడుపు నోరెత్తలేదు.

దిగి వచ్చేసరికి పేరు పెట్టేశారు.
పంపు దగ్గర పిల్లలు, "ఓన్ తోగుజ్! ఓన్ తోగుజ్!"
పంతొమ్మిదీ, పంతొమ్మిదీ అని.
జుమాదిల్ అప్పు పుస్తకంలోనూ అదే రాసుకున్నాడు.
ఐపెరీ అన్న నా పేరు
కాలేజీ కాగితం మీద భద్రంగా ఉంది.

రాత్రి కరెంటు పోయింది.
వాగు ఒడ్డున తాడు పట్టుకుని కూర్చున్నాను.
చీకట్లో నీళ్లు క్యానుని లాగుతున్నాయి,
ఆకలేసిన దూడ చెయ్యి లాగినట్టు.
దోసిలి ముంచి తాగాను,
దాహమై కాదు, పక్కనే ఉన్నాయని.

ఇంటికొచ్చి, లోపలికొచ్చాక తెలిసింది
తలుపు ఎత్తానని.
"కరెంటు వచ్చిందా?" పక్కగదిలోంచి అవ్వ.
"రాలేదు. తాడు జుమాదిల్ కొడుక్కిచ్చి వచ్చాను."
"వాడు నిద్రపోతాడు."
"కాలికి కట్టి వచ్చానులే."