ఏడో గాదె

నెబ్రాస్కాలో నవంబరు గాలికి
తలుపు తీస్తే తలుపే మనిషిని లాక్కుపోతుంది.
టోపీ అదిమి పట్టుకుని లోపలికెళ్ళాను.
లాడీ ముసిల్ అప్పటికే కాఫీ పోసి
చెక్కుబుక్కు బల్లమీద తెరిచిపెట్టాడు,
పన్ను పీకించుకునేవాడు
డాక్టరు రాకముందే నోరు తెరిచినట్టు.

"ముందు కొలవనీ" అన్నాను.
"కొలుచుకో డోరీన్, గింజలెక్కడికి పోతాయి?"
గింజలు పోతాయి.
అందుకే రాష్ట్రం నాకు జీతమిస్తోంది.

నూటపది అడుగుల నిచ్చెన.
తొంభై దాటాక నా మోకాళ్ళు నా మాట వినవు.
పైన ఇనుప మూత ఎత్తి
ఇత్తడి గుండు కట్టిన టేపు చీకట్లోకి వదులుతాను.
గుండు జొన్నలమీద వాలిన చప్పుడు
చెవికి కాదు, చూపుడువేలికి వినిపిస్తుంది.
ఒకటో గాదె, పద్దెనిమిది అడుగుల వెలితి.
రెండోది నలభై.
మూడులో మొక్కజొన్న, కొంచెం చెమ్మ వాసన, రాసుకున్నాను.
పుస్తకం చెప్పినదానికీ వేలు చెప్పినదానికీ
తేడా అయిదారు బుషెళ్ళు.
పోనీలే, ఎలుకలకీ ఒక వాటా ఉంటుంది.

ఏడోదాంట్లో గుండు దిగుతూనే ఉంది.
దిగి దిగి
అడుగు కాంక్రీటుకి తగిలి
టంగుమంది.
ఎనిమిదేళ్ళుగా అదే టంగు.

కిందికొచ్చి ఏటా చెప్పేదే చెప్పాను:
"రుసుము ఉన్న గింజలకి కాదు లాడీ, పట్టే గింజలకి.
ఏడోదాన్ని లైసెన్సులోంచి తీయించేసుకో.
ఒక్క పేజీ ఫారం. ఏటా నాలుగువందల ఎనభై డాలర్లు మిగులుతాయి.
ఖాళీకి కప్పం కట్టేవాణ్ణి నిన్నే చూశాను."

ఏటా అయితే కిటికీలోంచి రైలుపట్టాలకేసి చూసి ఊరుకుంటాడు.
ఈసారి చెప్పాడు.

ఎనభై నాలుగులో వాళ్ళ నాన్న
ఏడో గాదెమీద రసీదులు రాశాడట,
లోపల లేని జొన్నలకి.
పదకొండు రసీదులు, నీలం కార్బను కాపీలతో సహా.
"గాదె కింద పందికొక్కు అంటారు చూడు,
మా ఇంట్లో అది బల్ల దగ్గర కూర్చుని
భోజనానికి ముందు ప్రార్థన చెప్పేది."

తొమ్మిది కుటుంబాలకి ఇతను తీర్చాడు.
ఇరవై రెండేళ్ళు పట్టింది.
పదో ఆయన వారసులు లేకుండా పోయాడు.
పదకొండో ఆవిడ చెక్కు తిప్పి పంపింది.
"డబ్బు నేనడగలేదు.
నేను పోసిన జొన్నలు నాకు పొయ్యి."
ఆవిడకిప్పుడు తొంభై ఒకటి.
ఆదివారం చర్చిలో ఇతని ముందు బెంచీలోనే కూర్చుంటుంది.
ఇతను రెండేళ్ళుగా చూస్తున్నాడు,
ఆవిడ మెడవెనక కోటు కాలరు వదులవుతోంది.

మాఫీ చేసే అధికారం నాకు లేదు.
ఉన్నా ఆ మాట అనేదాన్ని కాదేమో.
ఫారంలో నింపాను:
ఏడు. సామర్థ్యం అరవై వేల బుషెళ్ళు. నిల్వ, సున్నా.

లాడీ బల్లమీదుగా వంగి చూశాడు.
"సున్నా సరిగ్గా మూసి రాయి" అన్నాడు.
"మా నాన్న పైన కొంచెం తెరిచి ఉంచేవాడు,
అవసరమైతే ఆరు చేసుకోవడానికి."

దాని చుట్టూ మళ్ళీ ఒకసారి పెన్ను తిప్పాను.
అతను చెక్కు చింపి ఇచ్చాడు.
కాఫీ చల్లారిపోయింది, తాగేశాను.

తర్వాతి ఊరు ముప్పై మైళ్ళు.
స్టీరింగు మీద చెయ్యి తిప్పినప్పుడల్లా
వేళ్ళసందున జొన్నపొట్టు
దురద పెడుతూనే ఉంది.