జారుడు లెక్క

కత్తిపారా వంతెన ఎక్కుతుంటే
నా లారీ గొంతు పెంచింది, కాళ్లు కదపలేదు.
బస్సుల్ని ఈడ్చిన బండి,
కొక్కేనికి తగిలించిన ఒక్క ఇన్నోవాని లాగలేక
ఇంజను అరుస్తోంది, చక్రం వినట్లేదు.
డిప్‌స్టిక్ తీసి వాసన చూశాను.
మాడిన పోపు.
గుడ్డకి తుడిస్తే నల్లటి నూనెలో
వెండి రజను.

"కన్వర్టర్ పోయిందన్నా" అన్నాడు పెంచలయ్య.
చెవులు సరిగా వినబడవు వాడికి,
గేర్‌బాక్సు మీద అరచెయ్యి ఆనించి వింటాడు.

ఇరవై ఎనిమిదేళ్ల బండి.
హార్బరు వేలంలో ఎవరూ చెయ్యెత్తని పూట
నేను ఎత్తాను.
క్లచ్ లేని లారీ, అల్లుడి ఉద్యోగమని
నవ్వారు అందరూ.
నలభై ఏళ్లు క్లచ్ తొక్కి తొక్కి
మా నాన్న ఎడమ మోకాలు ఎట్లా అరిగిందో
వాళ్లకి చెప్పలేదు.

పుదుపేట.
తలుపులకొక వీధి, అద్దాలకొక వీధి,
కూవం మీది గాలిలో కాలిన గ్రీజు.
నైనా మొహమ్మద్ కొట్టు ముందు
మూడు ఇనప గుమ్మడికాయలు దొర్లించారు.

మొదటిదానికి కొత్త పెయింటు.
"రెండువేల ఎనిమిదొందల స్టాల్ సార్,
కాలు పెడితే దూకుతుంది."
దూకడం నాకెందుకు?
నా డీజిలు పదహారు, పదిహేడొందల దగ్గరే
బలమంతా మూట విప్పేస్తుంది.
అంతకు పైదాకా జారనిచ్చానంటే
ఆ జారుడంతా వేడి,
ఆ వేడంతా నూనె నెత్తిన,
ఆ నూనె ఖర్చు నా నెత్తిన.
కుర్రాళ్ల సరుకు. పక్కన పెట్టించాను.

రెండోది కోసి, లోపల మార్చి, మళ్లీ అతికినది.
వెల్డింగు చుట్టూ వేలు నడిపాడు పెంచలయ్య.
ఒకచోట ఆగాడు.
గోరు దిగింది.

టీ తెచ్చిన కుర్రాడు నిలబడిపోయాడు.
దీని లోపల ఏముంటుందన్నాడు.
ఎదురెదురుగా రెండు పంకాలురా,
ఒకటి తిరుగుతుంది,
రెండోది దాన్ని ముట్టుకోదు.
మధ్యలో నూనె.
"మరి లారీ ఎట్లా కదుల్తుంది?"
నూనె చెప్తుంది, వెళ్దాం పదమని.
వాడు నమ్మలేదు, గ్లాసులు ఏరుకుని పోయాడు.
మొదటి ఏడాది నేనూ నమ్మలేదు.

మూడోది తుప్పు.
మూతికి కుక్కిన గోనెగుడ్డ లాగి
రెండు వేళ్లు లోపలికి పెట్టి స్టేటరు తిప్పాను.
ఒకవైపు తిరిగింది, రెండోవైపు రాయి.
అట్లాగే ఉండాలి.
స్టాల్ పదహారొందలు, బోల్టు కన్నాలు సరిగ్గా మనవే.
"ఎక్కడిది?"
"ఎయిర్‌పోర్టు బస్సుది. వానకి మునిగింది.
మీరే కదా ఈడ్చుకొచ్చారు?"

నేనే.
మీనంబాక్కం నుంచి రాత్రంతా,
ముందు చక్రాలు గాల్లో,
సీట్లలోంచి ఇంకా నీళ్లు కారుతూ.
గిండీ సిగ్నల్ దగ్గర దాన్ని తిట్టాను కూడా,
ఇంత బరువేందిరా అని.

మునిగిన సరుకంటే భయమే.
తెల్ల కాగితం మీద వంచి చూశాం.
చివరి చుక్క దాకా ఎరుపే,
ఎక్కడా పాలు కలిసిన రంగు లేదు.

పద్ధెనిమిది వేలన్నాడు.
ఆ రాత్రి ఈడ్చిన కూలి ఇంకా రాలేదన్నాను.
నైనా మొహమ్మద్ గడ్డం గోక్కున్నాడు,
పధ్నాలుగుకి దిగాడు.

బిగించేసరికి రెండ్రోజులు.
రేడియేటరు కడిగి, గొట్టాలు మార్చి,
పంతొమ్మిది లీటర్లు పోసి,
బ్రేకు తొక్కిపట్టి రెండో కాలు పూర్తిగా దించాను.
ముల్లు పదహారొందలకి వచ్చి
అక్కడే కూర్చుంది.
అయిదు అంకెలు లెక్కపెట్టి వదిలాను.
పెంచలయ్య అరచెయ్యి తియ్యలేదు.
"లోపల ఎవరో
కుదురైన మనిషి ఉన్నాడన్నా."

అర్ధరాత్రి దాటాక ఫోను.
తాంబరం అవతల, లోడు లారీ, యాక్సిలు విరిగింది.
బరువెంతని అడగబోయి
ఊరుకున్నాను.
కొక్కేనికి గ్రీజు పుయ్యమన్నాను పెంచలయ్యని.
వాడికి వినబడలేదు.
అప్పటికే పూస్తున్నాడు.