ఆవగింజంత నక్షత్రం

కరెంటు బిల్లు వెనక రెండు నిలువుగీతలు గీశాను.
మొదటి గడిలో ఐలయ్య,
రెండో గడిలో నీలం పాంప్లెట్ కంపెనీ,
మూడో గడిలో పసుపు టీషర్టుల వాళ్లు.
రాణీగంజ్‌లో పదహారేళ్లు
నట్లూ బోల్టుల కొట్టు లెక్కలు రాసిన చెయ్యి,
స్కేలు లేకపోయినా వంకరపోదు.

ఐలయ్యది నెలకు నాలుగు వందల డెబ్బై.
వేగం నలభై అంటాడు. వానొస్తే నాలుగు.
వారాసిగూడ మీద మబ్బు పడితే చాలు
తెర మీద చక్రం తిరుగుతుంది.
రసీదు అడిగితే
"నేనున్న కదక్కా, రసీదెందుకు?"
నీలం వాళ్లది వంద వేగం, ఐదు వందల నలభై తొమ్మిది,
పన్ను వేరే, ఆ వేరే ఎంతో అడిగితే చెప్తారు.
పసుపు వాళ్లది రెండు వందల వేగం,
ఆర్నెల్లది ఒక్కసారే కడితే పెట్టె ఉచితం, బిగింపు ఉచితం,
పదిహేను సినిమా యాప్‌లు ఉచితం,
అందులో పదకొండింటి భాష మా ఇంట్లో ఎవరికీ రాదు.
డేటా అపరిమితం.

అపరిమితం అన్న మాట భుజం మీద
ఆవగింజంత నక్షత్రం.
కళ్లజోడు తుడుచుకుని కిందికి దిగాను.
కాగితం అట్టడుగున చీమలబారు:
నెలకు వెయ్యి జీబీ దాటితే వేగం రెండు.
నయమే.
హద్దు ఫలానా చోట అని చెప్పినవాడితోనే
బేరం కుదురుతుంది.

మరి మేమెంత తింటున్నాం?
"ఎంతన్న వాడుకోండక్కా" అనే ఐలయ్యకు ఆ లెక్కే లేదు.
హిమజ పెట్టె కడుపులోకి దారి చూపించింది.
మా ఆయన కబడ్డీ నూట పది.
రాత్రంతా పరాయి దేశపు ఆస్పత్రుల బిల్లులు సరిచూసే
హిమజది రెండు వందల నలభై.
నా కుట్టుపని వీడియోలు ముప్పై.
మొత్తం మూడు వందల ఎనభై.
పెట్టె మాత్రం నాలుగు వందల పద్దెనిమిది అంటుంది.

ముప్పై ఎనిమిది పైసల తేడా వస్తే
రాత్రి పదింటిదాకా కొట్లో కూర్చున్నదాన్ని.
ముప్పై ఎనిమిది జీబీని ఎట్లా వదులుతాను?
జాబితాలో నాలుగో ఫోను.
తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తుంది,
ఆరింటికి పోతుంది.

మర్నాడు నాలుగు నలభైకి గొళ్లెం తీశాను.
మెట్ల మలుపులో, కరెంటు మీటర్ల కింద,
చద్దరు కప్పుకుని ఇస్త్రీ బాలమణి కూతురు.
పగిలిన అద్దం వెలుగులో పెదాలు కదుపుతోంది:
రాజ్యాంగ సవరణలు, కాలమూ పనీ,
నిమిషానికొక ప్రశ్న.
ఊళ్లో పెట్టెలన్నింటికీ ఐలయ్య
తన ఫోన్ నంబరే పాస్‌వర్డుగా పెడతాడు.
ఆ పిల్ల తలెత్తలేదు.
తలుపు దగ్గరికి వేశాను.
లెక్క సరిపోయింది.

పసుపు వాళ్లకే కట్టాను.
వెయ్యిలో మావి నాలుగు వందలు కూడా లేవు కదా.
డ్రిల్లు గోడను కొరికింది. కొత్త పెట్టె, పచ్చ దీపం,
పన్నెండు అక్షరాల కొత్త పాస్‌వర్డు.
ఐలయ్య వచ్చి తన తీగను మోచేతికి చుట్టుకున్నాడు
చుట్టు మీద చుట్టు, తొందర లేకుండా.
పదకొండు రోజుల బాకీ
నూట డెబ్బై రెండు రూపాయల ముప్పై మూడు పైసలు.
"పైసలు ఎక్కడున్నయక్కా ఇప్పుడు" అని
నూట డెబ్బై తీసుకుని పోయాడు.
రెండున్నర నాకు మిగిలింది. ఏ పద్దులో రాయాలో
ఇప్పటికీ తెలియదు.

ఒక తెల్లవారుజాము, ఇంకొకటి.
మెట్ల మీద ఎవరూ లేరు.

మూడో రోజు బట్టల మూట కట్టి చీటీ రాశాను:
చీరలు రెండు, చొక్కాలు మూడు, ప్యాంట్లు రెండు.
వాటి కింద పన్నెండు అక్షరాలు,
పెద్దవి పెద్దగా, చిన్నవి చిన్నగా.
సాయంత్రం బట్టలు వచ్చాయి, మడత నలగకుండా.
చీటీ రాలేదు.

ఈ నెల తేడా నలభై ఒకటి.
నోటుబుక్కులో ఆ అంకె పక్కన
పేరు రాయబోయి ఆగాను.
ఒక నక్షత్రం పెట్టాను.
కింద ఏ వివరమూ రాయలేదు.