వెంట్రుకవాసి

నెబ్రాస్కా నుంచి చెక్కపెట్టెలో వచ్చిందది,
రంపపుపొట్టులో పడుకుని,
బాలింతలా చెవుల దాకా నూనెగుడ్డ చుట్టుకుని.
నూట అరవై ఏళ్ల తుపాకి.
"అచ్చు గుద్దినట్టు ఇలాంటివే రెండొందలు కావాలి"
అన్నాడు మా యజమాని బెలేరి.
మెల్లా ఏటి ఒడ్డున మా షెడ్డులో
అప్పటికింకా ఆకురాళ్ల చప్పుడు మొదలవలేదు.

ముందు కొలిచాను.
అంగుళాల్లో పుట్టిన ప్రాణం
మా మిల్లీమీటర్లలో ఇమడనంది.
ప్రతి మరా ఒక గీత అటో ఇటో.
ఎర్సీలియా నవ్వింది:
"పొరుగూరి పిల్లకి మన చెప్పులు తొడుగుతున్నాం."

లీవరు కిందికి తోస్తే
వెనక తలుపు దిగుతుంది, బావిలోకి చేదలా.
కాగితపు తూటా లోపలికి.
లీవరు పైకి లాగితే
తలుపు అంచు కాగితం తోక కోసేసి మూసుకుంటుంది.
ఎంత తెలివి, అనుకున్నాం.

కొండ వెనక పల్లంలో కాల్చి చూశాం.
మొదటి నాలుగూ ముద్దుగా పేలాయి.
ఐదోదానికి
మూసిన తలుపు సందులోంచి పొగ పక్కకి ఉమ్మింది.
తొమ్మిదోదానికి మసి పట్టి
తలుపు బిగుసుకుపోయింది, అలిగినవాడి నోరులా.
ఎర్సీలియా మణికట్టు మీద ఆవగింజంత బొబ్బ.
నా కనుబొమ్మ కాలిన వాసన
సాయంత్రం పొలెంటా గిన్నెలో కూడా.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
సందు లేనిదే కూడా రాదు.

"ఉన్నది ఉన్నట్టే దింపండి" అన్నాడు బెలేరి.
"కొనేవాళ్లు మరలు లెక్కపెడతారు,
మర తల మీద గాడి ఎంత లోతో కూడా చూస్తారు."
ఆయన్ననడానికి లేదు.
ఒక ఏడు ఒక్క మర తల గుండ్రంగా ఉందని
పదకొండు తుపాకులు సముద్రం దాటి తిరిగొచ్చాయి.

అయినా ఆ రాత్రి
పటం మీద నేనో గీత చెరిపాను.
తలుపు పలక లోపల కంటికానని గాడి,
అందులో ఉంగరంలా ఒక ఉక్కు వలయం,
గొట్టం మెడ దగ్గర
వెంట్రుకవాసి బిగువు.
దొంగలా దీపం ఆర్పి ఇంటికెళ్లాను.
చూసి చేయడం కాదు నేరం, మా వృత్తిలో,
దిద్దడం.

పరీక్షశాల ముద్రలు పడ్డాయి.
ముప్పై గుళ్లు వరసగా.
తలుపు ఒక్కసారి తడబడలేదు.

మార్చిలో ఉత్తరం, కాన్సాస్ నుంచి,
హార్లన్ ట్వీడ్ అనే ఆయన రాసింది:
"మా ముత్తాత దీనితోనే యుద్ధం చేశాడు.
కుడిచెంప మీద నీలిచుక్కలుండేవట,
మందు గుచ్చుకున్నవి.
మీ తుపాకి ఎన్నిసార్లు కాల్చినా
నా చెంప శుభ్రంగానే ఉంది.
ఇది అబద్ధం."

ఏం రాయను?
క్షమించండి, మిమ్మల్ని కాల్చడం మరిచిపోయాం
అని రాయనా?

పెట్టె తిరిగి పంపేముందు
నూనె పెడదామని పాతదాన్ని విప్పాను.
కొలిచినప్పుడు విప్పని పలక అది,
తుప్పు పట్టి ఉందని వదిలేసింది.
దాని కింద ఏదో మెరిసింది.
ఇత్తడి రేకు.
ఉల్లిపొరంత.
కత్తెరతో వంకరగా కోసింది,
ఒక అంచు పళ్లతో కొరికినట్టు.
ఫ్యాక్టరీ పని కాదు. ఏ పటంలోనూ లేదు.
ఏ గుడారంలోనో ఎవడో
చెంప కాలిన మర్నాడు
కోటు బొత్తాం ఒకటి తెంపి, రాతి మీద సాగగొట్టి,
సందు మూసుకున్నాడు.

ఎర్సీలియా ఆ రేకుని
మణికట్టు మచ్చ పక్కన పెట్టుకు చూసింది.
ఏమీ అనలేదు.
ఊపిరికి ఎగిరిపోతుందేమోనని
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఎక్కడిదక్కడ పెట్టి మర బిగించాను.
ట్వీడ్‌కి జవాబింకా రాయలేదు.

మధ్యాహ్నం బెలేరి వచ్చాడు,
ఇంకో నలభై కావాలట.
"పాతదాని ప్రకారమే కదా?"

"ఔను" అన్నాను,
"పాతవాడు చేసినట్టే."