రెండు వేళ్ల ఒడ్డు

చర్చి వీధిలో మా జిల్దు అంగడికి
జ్ఞానాభరణం టీచరమ్మ దాన్ని
పాత చీరముక్కలో చుట్టి తెచ్చింది, చంటిబిడ్డని తెచ్చినట్టు.
మిషన్ ఆస్పత్రి బీరువాలో
తూకానికి పోయే కాగితాల అడుగున దొరికిందంట.

ఓడలో పోయినవాళ్లు రాసిన పుస్తకం.
లండన్ అచ్చు. సంవత్సరం రోమన్ అంకెల్లో ఉంటే
వేళ్లు మడిచి లెక్క కట్టింది: రెండువందల ముప్పై ఏళ్లు పైమాటే.
లోకంలో ఇట్లాంటివి పదో పన్నెండో మిగిలి ఉంటాయని
మద్రాసాయన ఫోన్లో చెప్పినాడంట.

నాకు ఇంగ్లీషు రాదు.
చేత్తో చదువుతాను.
మూల తడిమితే తెలిసిపోయింది, ఇది కొయ్యగుజ్జు కాదు,
గుడ్డపేలికలు నానేసి దంచిన కాగితం.
మా జేజినాయన విల్లు మీటి దూది ఏకినోడు.
ఆ దూది నా వేళ్లని గుర్తుపట్టింది.

పురుగొకటి తొమ్మిదో పుటలో దిగి
తుపాను గుండా, రెండు దీవుల గుండా, ఒక తిరుగుబాటు గుండా
నేరుగా పోయి
చచ్చినవాళ్ల జాబితాలో బయటికొచ్చింది.
గుండుసూదంత తోవ.
దానికి దిక్సూచి ఎవరిచ్చినారో.

మడతల పటం విప్పితే కింద మూల లేదు.
పైన తీరం గీత వంకర్లు తిరుగుతా పోయి
ఉన్నట్టుండి ఆగింది.
"ఇక్కడా చిరిగిందా?"
"లేదు సిలారూ, వాళ్లు అంతవరకే పోయినారు."
తెలియనిచోట గీయకుండా వదిలేసినారు.
ఆ పద్ధతి నాకు నచ్చింది.
పోయిన మూలకి తెల్లకాగితం అతికినాను,
గీత మాత్రం కలపలేదు.

సాయంత్రాలు మైదాజిగురు ఉడుకుతుంటే ఆమె చదివి చెప్పేది.
ఆ కాలం అచ్చులో సకారం ఫకారం మాదిరి ఉంటుందంట,
సముద్రం వచ్చిన ప్రతిసారీ తడబడి, నవ్వి, దిద్దుకునేది.
నేను సముద్రం చూసింది ఒక్కసారే,
ఆరేళ్లప్పుడు, నాగూరు దర్గాకి పోయినప్పుడు.
నీళ్లు గుర్తులేవు.
మా అమ్మ కొంగు పట్టుకున్న నా పిడికిలి గుర్తుంది.

నూటనలభై రెండో పుట.
గాలి పడిపోయింది. పీపాలు అడుగంటినాయి.
మనిషికి రోజుకొక గిన్నె, అవీ పురుగులు పట్టిన నీళ్లు,
పంటిసందున వడగట్టుకొని తాగినారు.
టీచరమ్మ గొంతు ఆగింది.
అచ్చు పక్కన, ఖాళీ అంచులో, తెలుగు.
కరక్కాయ సిరా తుప్పురంగు తిరిగింది. ఆత్రపు రాత:

ధాత కరువు. మాఘం. నీవా ఇసకలో రెండు నిలువులు చెలమ తవ్వితిమి.
మనిషికి రెండు ముంతలు.
ఈ ఓడవారికి చుట్టూ నీళ్లు. మాకు చుట్టూ ఇసక.
చిన్నవాడు నిన్న పోయినాడు.

సంతకం లేదు.
కోర్టు గుమాస్తానో, దొరబిడ్డలకి తెలుగు చెప్పిన మునిషీనో.
అక్కడి నుంచి పదకొండు పుటలు, పుటకొక వరస,
ఓడతో పాటే ఎండుతా పోయినాడు.
ఓడకి వాన దొరికిన పుట పక్కన
ఏమీ రాయలేదు.

ఎవడో గీకిన గీతలుంటే సగం రేటే, అన్నాడు మద్రాసాయన.
అంచులు రెండు వేళ్లు కోసెయ్, కొత్తదాని మాదిరి ఉంటుంది,
జాగ్రత్త, అచ్చుకి తగలకూడదు.
టీచరమ్మ ఇంటి మిద్దె పోయిన వానకి కారింది, నాకు తెలుసు.
"నీ ఇష్టం సిలారూ" అని చెప్పులేసుకుంది.

నలభై ఏళ్లుగా అంచులు కోయడమే నా అన్నం.
కోసిన పేలికలతో మా ఇంట్లో పొయ్యి రాజేసేవాళ్లు.
వాటిమీద ఏముందో ఏనాడూ చూడలేదు.

రాత్రి. బెల్లం మండీ లారీలు పోయినాయి.
పుస్తకాన్ని రాతికింద బరువుకి పెట్టినాను.
లోటాలో నీళ్లు పోసుకొని ఒక గుక్క తాగి
మిగతావి చూస్తా కూర్చున్నాను.

రేపు పదిగంటల బస్సుకి ఆయన దిగుతాడు.
కత్తి మొద్దుగా అట్లే ఉంది.
సానరాయి
తడపలేదు.